వాడపల్లి రథం మీద ఒక పటం

(వసంత నవరాత్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



‘స్వాతంత్ర్యోద్యమంలో అహింస’ అనే విషయం మీద ప్రసంగించమని నన్ను ఆదేశించారు. నేను నాలుగు దశాబ్దాలు వ్యాకరణం, కావ్యాలు పాఠం చెప్పుకొన్నవాడిని, చరిత్రకారుడను కాను. అయినా ఒప్పుకొన్నాను. ఈ విషయానికి సాక్షిగా మన కోనసీమలో ఒక దేవాలయ వీథి ఉన్నది. ఆ వీథిలో ఏమి జరిగిందో యాత్రికులకు చెప్పే బాధ్యత మావంటి వృద్ధులది.

వాడపల్లి క్షేత్రాన్ని మీకు నేను పరిచయం చేయనక్కరలేదు. గౌతమీ తీరాన, ఆత్రేయపురం మండలంలో, రక్తచందన దారువులో వెలసిన వేంకటేశ్వరుడు. ఏడు శనివారాలు మొక్కుకొని వెళ్ళేవారితో రావులపాలెం నుండి ఆ దారి అంతా నిండిపోతున్నది. తిరుగు ప్రయాణంలో పూతరేకులు కొనుక్కోవడం కూడా ఆ మొక్కులో భాగమేనని మా ఇంటి పిల్లలు అనుకొంటారు. అంతమంది యాత్రికులలో, ఆ స్వామి రథం ముందు నలుగురు మనుష్యులు ప్రాణాలు విడిచారని తెలిసినవారు ఎందరు? ఒకసారి నాతో వచ్చిన పదిమందిని అడిగాను. ఒక్కరు తెలుసునన్నారు, వారు కూడా పెద్దలు చెప్పుకోగా విన్నవారే.

ప్రజోత్పత్తి నామ సంవత్సరం, చైత్రమాసం, శుక్లపక్షం. శ్రీరామనవమి వెళ్ళి కొద్దిరోజులే అయినది. ఇంగ్లీషు లెక్కలో 1931 మార్చి 30వ తేదీ, సోమవారం. స్వామివారి రథోత్సవం. భక్తులు రథాన్ని అలంకరించి, ఆ అలంకారంలో కాంగ్రెసు జెండాలతోపాటు గాంధీగారి పటాన్ని కూడా ఉంచారు. పోలీసులు వచ్చి పటాన్ని తీసివేయమన్నారు. జనం తీయమన్నారు. అధికారులు బలప్రయోగానికి దిగారు. చివరకు తుపాకులు పేలాయి. నలుగురు మరణించారు. మరెందరో గాయపడ్డారు.

జరిగినది ఇంతే. నాలుగు వాక్యాలలో చెప్పగలిగిన సంగతి. కానీ ఆ రోజు ఎటువంటి రోజో చూడండి. దండి సముద్రతీరంలో ఉప్పు తీసినందుకు ముందు సంవత్సరం మే నెలలో చెరసాలకు వెళ్ళిన గాంధీగారు 1931 జనవరి 26న విడుదల అయినారు. మార్చి 5న ఆయనకూ రాజప్రతినిధి ఇర్విన్ ప్రభువుకూ ఒడంబడిక కుదిరినది. ఉద్యమాన్ని నిలిపివేస్తామని వీరు, శాసనోల్లంఘనలో పట్టుబడిన ఖైదీలను విడిచిపెడతామని వారు మాట ఇచ్చుకొన్నారు. మన జిల్లా నుండి జైళ్ళకు పోయినవారు ఇళ్ళకు చేరుతున్న దినాలు అవి. మరొకవైపు, మార్చి 23న లాహోరులో భగత్‌సింగ్, రాజగురు, సుఖదేవులను ఉరితీశారు. దేశమంతా ఒక కంట ఆనందబాష్పం, ఒక కంట శోకబాష్పం. వాడపల్లిలో రథం కదలవలసిన ఆ దినాలలోనే కరాచీలో వల్లభభాయి పటేలు అధ్యక్షతన కాంగ్రెసు మహాసభ జరుగుచున్నది. అంటే, సంధి అమలులో ఉండగా, ఏ దొర అయితే ఎవరితో సమానంగా కూర్చుండి సంతకం చేశాడో, ఆ మనిషి పటం ఒక పల్లెటూరి రథం మీద ఉండరాదని ఆ దొర క్రింది ఉద్యోగులు తుపాకి ఎత్తారు. రాజధానిలో చేసిన సంధి గోదావరి లంకల దాకా రాలేదన్నమాట.

ఇప్పుడు ‘సత్యాగ్రహం’ అనే మాట దగ్గర కొంచెం ఆగుతాను. పంతులు బుద్ధి; మాట కనబడితే విప్పి చూడకుండా ఉండలేను. దక్షిణాఫ్రికాలో తన ఉద్యమానికి పేరు పెట్టమని గాంధీగారు పత్రికలో అడిగినపుడు, మగన్‌లాల్ గాంధీ ‘సదాగ్రహం’ అని సూచించారు. గాంధీగారు దానిని ‘సత్యాగ్రహం’గా దిద్దుకొన్నారు. తెలుగులో ‘ఆగ్రహం’ అంటే కోపం. స్వామివారికి ఆగ్రహం వచ్చిందంటాము, అనుగ్రహం కలిగిందంటాము. అందుచేత తెలుగువాడు సత్యాగ్రహం అనగానే సత్యం కోసం కోపగించుకోవడమని అనుకోవచ్చు. అలా అనుకొని ఉపన్యసించినవారిని నేనే విన్నాను. సంస్కృతంలో గ్రహ ధాతువుకు పట్టుకొనుట అని అర్థం. ఆగ్రహం అంటే విడువకుండా గట్టిగా పట్టుకోవడం. అందులో కోపానికి చోటు లేదు. మొసలి ఏనుగు కాలు పట్టుకొన్నదే, అదీ పట్టే. ఏనుగు స్వామిని పట్టుకొన్నదే, అదీ పట్టే. రెండింటిలో తనవారిని రక్షించేది ఏ పట్టో మనకు తెలుసు. రథం మోకును పట్టుకొన్నవారికి వేరే వ్యాఖ్యానం అక్కరలేదు. మోకును కోపంతో పట్టుకోరు. విడిచిపెట్టకుండా పట్టుకొంటారు.

అహింసను మనవారు పిరికితనమని ఆనాడూ అన్నారు, ఈనాడూ అంటున్నారు. పతంజలి మహర్షి యమనియమాలలో మొట్టమొదట చెప్పినది అహింసనే. అది స్థిరపడినవాని సన్నిధిలో ఎదుటివారి వైరం కూడా తొలగిపోతుందని ఆయన అభిప్రాయం. అయితే ‘స్థిరపడినవాని’ అన్న విశేషణాన్ని మరువరాదు. భయం వలన చేయి ఎత్తనివాడు స్థిరపడినవాడు కాడు. చేయి ఎత్తగలిగి, ఎత్తకుండా, ఉన్నచోటునుండి కదలకుండా నిలిచినవాడు స్థిరపడినవాడు. మన అంతర్వేది స్వామి సన్నిధికి వెళ్ళే ప్రతి భక్తునికీ దీనికి దృష్టాంతం తెలుసు. ప్రహ్లాదుడు తండ్రిపై చేయి ఎత్తలేదు, హరినామాన్నీ విడువలేదు. ఏనుగులతో త్రొక్కించినా, కొండమీదనుండి పడద్రోయించినా ఆ రెండు నియమాలూ తప్పలేదు. గాంధీగారు కూడా సత్యాగ్రహికి ఆదర్శంగా అనేక పర్యాయాలు ప్రహ్లాదునే చెప్పారు.

ఇక్కడ బుద్ధిమంతులైన శ్రోతలు ఒక ఆక్షేపణ చేస్తారు. చివరకు నరసింహస్వామి వచ్చి హిరణ్యకశిపుని చీల్చివేశాడు కదా, అది హింస కాదా అని. మంచి ప్రశ్న. నా సమాధానం ఇది: ప్రహ్లాదుడు ఆ సంహారాన్ని కోరలేదు. తండ్రిని చంపమని ప్రార్థించినట్లు భాగవతంలో ఎక్కడా లేదు. వరం కోరుకొమ్మని స్వామి అన్నపుడు, తన తండ్రి పాపం తొలగి పవిత్రుడు కావాలని కోరుకొన్నాడు. శిక్షించే అధికారం స్వామిదిగా విడిచి, భరించే అధికారం మాత్రమే తనదిగా ఉంచుకొన్నాడు. సత్యాగ్రహి చేసేదీ అంతే.

గోదావరి సీమలో ఆ రోజులలో రెండు మార్గాలూ ఉన్నవి. 1922 ఆగస్టు నుండి 1924 మే వరకు మన్యంలో అల్లూరి సీతారామరాజుగారు ఆయుధం పట్టి పోరాడారు. ఆయనను తక్కువచేసి మాట్లాడే నోరు నాకు లేదు. గాంధీగారు కూడా ఆయన ధైర్యాన్ని, త్యాగాన్ని మెచ్చుకొన్నారు, మార్గాన్ని మాత్రం అంగీకరించలేదు. మన్యంలో అడవి ఉన్నది, కొండలున్నవి. కోనసీమలో ఏమున్నవి? కొబ్బరితోటలు, కాలువలు, పంటచేలు. దాగడానికి చోటులేని నేల. ఇక్కడివారు చేయగలిగినది బహిరంగంగా నిలబడడమే. వాడపల్లి వీథిలో నిలబడ్డవారు చేసినది అదే.

ఆ నిలబడడం ఒక్కరోజులో వచ్చినది కాదు. అంతకు ముందు పది సంవత్సరాల అభ్యాసం ఉన్నది. 1921లో చీరాల-పేరాల ప్రజలు పురపాలక సంఘం పన్నులను నిరసించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వంలో ఊరు విడిచి, బయట రామనగర్ అని పేరు పెట్టుకొని పాకలలో నెలల తరబడి నివసించారు. సుమారు 13,000 మంది. ఒక్క రాయి విసరలేదు. ఇళ్ళకు తాళాలు వేసి బయటకు నడిచారు, అంతే. రాముడు కూడా అయోధ్యలో యుద్ధం చేయలేదు, నడిచి వెళ్ళిపోయాడు. వాల్మీకిని చదువుకొన్న గోపాలకృష్ణయ్యగారికి ఆ పేరు ఊరికే తట్టినదని నేను అనుకోను.

మన ద్రాక్షారామానికి చెందిన దువ్వూరి సుబ్బమ్మగారిని తలచుకోవాలి. బాల్యంలోనే భర్తను పోగొట్టుకొన్న తల్లి. ఆ కాలంలో అటువంటి స్త్రీ శుభకార్యంలో ఎదురుపడరాదనేవారు, నలుగురిలోకి రాకూడదనేవారు. ఆమె సంస్కృతాంధ్రాలు చదువుకొన్నది. ఖద్దరు కట్టి సభావేదికల మీద నిలిచి స్వరాజ్యాన్ని గురించి పురాణ దృష్టాంతాలతో ప్రసంగించినది. 1922లో ఆమెకు ఒక సంవత్సరం కారాగారశిక్ష పడినది. రాజకీయ కారణంతో జైలుకు వెళ్ళిన తొలి ఆంధ్ర మహిళగా ఆమెను చెప్పుకొంటారు. క్షమాపణ వ్రాసి ఇస్తే విడిచిపెడతామన్నా ఒప్పుకోలేదు. ఆమె పట్టు ఎటువంటిదో ఆలోచించండి. ఒకవైపు దొరతనం, మరొకవైపు ఇంటి ఆచారం. రెండింటి ఎదుటా ఆమె చేయి ఎత్తలేదు, వెనుకడుగూ వేయలేదు.

బులుసు సాంబమూర్తిగారిని కూడా చెప్పాలి. 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెసు మహాసభలకు కొద్దిరోజుల ముందు ఏకైక పుత్రుడు మరణించినా, సభల ఏర్పాట్లు విడిచిపెట్టలేదు. 1930 ఏప్రిల్‌లో ఉప్పు సత్యాగ్రహాన్ని మన జిల్లాలో చొల్లంగి తీరాన నడిపించినవారు ఆయనే. చొల్లంగి! పుష్య బహుళ అమావాస్యనాడు సాగరసంగమ స్నానం చేసి, అక్కడినుండి సప్తసాగర యాత్ర మొదలుపెట్టి అంతర్వేదికి చేరడం మన పూర్వుల ఆచారం. యాత్రికులు మునిగే ఆ ఉప్పునీటినే కాచి ఉప్పు చేస్తే నేరమన్నది ప్రభుత్వం. స్నానం చేస్తే పుణ్యం, వండుకొంటే నేరం. సముద్రుడు ఎవరి సొత్తు అన్న ప్రశ్న ఆ రోజు చొల్లంగిలో అడగవలసివచ్చినది.

ఖద్దరు సంగతి ఒక్క మాట. వైదికుల ఇళ్ళలో తకిలి ఎప్పుడూ ఉండేది, జందెపుపోగులు వడకడానికి. మా తాతగారి తకిలిని నేను చూచాను, వాడాను కూడా. శ్రావణ పూర్ణిమకు ముందు వారాలలో అరుగుమీద కూర్చుండి మంత్రం చెప్పుకొంటూ దారం తీసేవారు. గాంధీగారు వచ్చి, ఆ పోగు మీ మెడలోకే కాదు, ఊరందరి ఒంటి మీదకూ రావాలి అన్నట్లయినది. మా పెద్దలలో కొందరికి అది రుచించలేదు. మరికొందరికి, తాము తరతరాలుగా చేస్తున్న పనికి ఇంత అర్థమున్నదా అని ఆశ్చర్యం కలిగినది. ఇది పుస్తకాలలో ఉన్నా లేకున్నా, మా ఇంటి అరుగుమీద విన్న మాట.

వీరందరూ పాటించినదానిని నేను వ్రతమంటాను. మీరు సత్యనారాయణవ్రతం చేసేవారు కనుక మీకు సులభంగా అర్థమవుతుంది. వ్రతానికి మొదట సంకల్పం, తరువాత నియమం. నియమం తప్పితే ప్రాయశ్చిత్తం. 1922 ఫిబ్రవరిలో ఉత్తరదేశంలో చౌరీచౌరా అనే చోట జనం పోలీసు ఠాణాకు నిప్పుపెట్టగా 20 మందికి పైగా పోలీసులు కాలి చనిపోయారు. గాంధీగారు దేశమంతటా ఉద్యమాన్నే ఆపివేశారు. తాను అయిదు రోజులు ఉపవసించారు. గుంటూరు జిల్లా పెదనందిపాడులో పర్వతనేని వీరయ్యచౌదరిగారు నడిపిన పన్నుల నిరాకరణ కూడా అప్పుడే ఆగవలసివచ్చినది. గెలిచే దశలో ఆపుతారా అని ఎందరో మండిపడ్డారు. రాజకీయం తెలిసినవారు ఇప్పటికీ దానిని పొరపాటంటారు. నేను శాస్త్రం చదువుకొన్నవాడిని కనుక నాకు అది పొరపాటుగా కనిపించదు. భగ్నమైన వ్రతాన్ని అలాగే సాగించి ఉద్యాపన చేస్తే ఫలం రాదు.

మన కోనసీమ గడ్డమీద కూడా దీనికి వ్యతిరేకమైన రోజు ఒకటి మనం చూచాము. 2022 మే 24. అమలాపురంలో జిల్లా పేరు విషయమై నిరసనకని బయలుదేరిన జనంలో కొందరు ఒక మంత్రిగారి ఇంటికి, ఒక శాసనసభ్యుని ఇంటికి నిప్పుపెట్టారు. పేరు విషయంలో ఎవరి అభిప్రాయం ఏదైనా కావచ్చు, అది నేటి విషయం కాదు. ఆ సాయంత్రం పొగ చూచి నాకు గుర్తుకువచ్చినది మాత్రం వాడపల్లే. ఆ ఊరికి అమలాపురం ఎంత దూరం? ఒక్క పూట ప్రయాణం కూడా లేదు. ఒకచోట తమ ప్రాణం ఇచ్చి అడిగారు. ఒకచోట ఎదుటివాని ఇల్లు కాల్చి అడిగారు. రెండింటినీ నిరసన అనే ఒకే మాటతో పిలవడానికి నా నాలుక తిరగలేదు.

ఇక నేను నిజంగా చెప్పదలచుకొన్న చోటికి వస్తాను. నిన్న ఉత్సవ ఏర్పాట్లు చూస్తున్న కుర్రవాడు ఒకడు, మన సేవకులలో మంచి చురుకైనవాడు, నన్ను నిలదీశాడు. “మాస్టారూ, రథానికి నాయకుల ఫ్లెక్సీలు, దాతల ఫోటోలు కట్టవద్దని మీరే పట్టుబట్టారు. రేపు సభలో వాడపల్లి రథం మీద గాంధీగారి పటం కట్టినవారిని పొగుడుతారట. ఇది ఎలా కుదురుతుంది?” అన్నాడు. రాత్రి ఎంతసేపో ఆలోచించాను. వానికి ఇచ్చిన సమాధానమే మీకూ చెబుతాను.

శాస్త్రం అడిగితే, రథం నడిచే ఆలయం. చక్రం నుండి శిఖరం వరకు ఒక్కొక్క అంగానికి ఒక్కొక్క దేవతను ఆవాహన చేస్తాము. రథారూఢుడైన కేశవుని చూచినవారికి పునర్జన్మ లేదని పెద్దలు చెప్పడం అందుకే. 2020లో అంతర్వేది రథం అగ్నికి ఆహుతి అయినపుడు కోనసీమలో ఇంటింటా మనిషి పోయినట్లు ఎందుకు ఏడ్చారు? అది కట్టె కాదని తెలుసు కనుక. అటువంటి రథం మీద జీవించి ఉన్న మనిషి పటం, ఆయన ఎంత మహాత్ముడైనా, ఉంచవచ్చునా అని నన్ను అడిగి ఉంటే వద్దనే చెప్పేవాడిని. ఈ మాటను దాచను. గాంధీగారిని అడిగినా వద్దనేవారని నా నమ్మకం.

అయితే 1931లో పటం తీయమన్నది అర్చకుడు కాదు, ఆగమశాస్త్రం కాదు. తుపాకి పట్టిన ప్రభుత్వం. ఆ అధికారి అభ్యంతరం స్వామివారి పవిత్రతకు భంగమని కాదు; తన ప్రభువు అధికారానికి భంగమని. దేవుని రథం మీద ఏది ఉండాలో నిర్ణయించే అధికారం తనదని అతడు అన్నాడు. భక్తులు కాదన్నారు. అప్పటినుండి అది పటం విషయం కాకుండా పోయినది. పూజారి మెల్లగా ‘నాయనా, దించండి’ అని ఉంటే దించడం భక్తి. తుపాకి చూచి దించడం భయం. పటం ఒక్కటే, దించడమూ ఒక్కటే. ధర్మం మాత్రం రెండు విధాలు. ధర్మసూక్ష్మమని మనవారు చెప్పేది ఇటువంటి చోటనే.

ఇంకొక భేదం కూడా ఉన్నది. ఆ పటం కట్టినవానికి ఏమి దక్కినది? పదవి దక్కలేదు. కాంట్రాక్టు దక్కలేదు. పత్రికలో ఫోటో రాలేదు. తూటా దక్కినది. ఈనాడు ఉత్సవ బండ్లకు కట్టే బొమ్మల వెనుక ఏ లాభం ఉన్నదో మీరు నన్ను చెప్పించవద్దు. దాతలు ఈ సభలో ఎందరో ఉన్నారు. మీ ధనం లేనిదే ఈ అన్నదానం లేదు, ఈ పత్రిక మీ చేతికి రాదు. మీ పేర్లు శిలాఫలకం మీద ఉండాలి, ఉంటాయి, ఆ స్థలం వేరే ఉన్నది. రథం మాత్రం వద్దు. కుర్రవాడు విన్నాడు. “అయితే ఫలకం మీద ఆ నలుగురి పేర్లు కూడా ఉండాలి కదండీ” అన్నాడు. నాకు మాట రాలేదు. ధర్మకర్తలు ఇక్కడే ఉన్నారు. ఆ మాట వారి చెవిన వేస్తున్నాను.

మరొక సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగం అసత్యమవుతుంది. 1931లో మన దేవాలయాలలోకి అందరికీ ప్రవేశం లేదు. ధ్వజస్తంభం దాటి లోపలకు రాగూడదని మనమే కొందరిని బయట నిలిపాము. అటువంటివారికి స్వామి కనిపించేది సంవత్సరానికి ఒకసారి, రథమెక్కి వీథిలోకి వచ్చినపుడే. రథోత్సవం మనకు వేడుక. వారికి అది ఏకైక దర్శనం. తెల్లవానిని స్వరాజ్యం అడుగుతున్నవారమే మనవానికి గర్భగుడి దూరం నుండి కూడా చూపలేదు. 1924లో వైకంలో గుడి చుట్టూ ఉన్న దారులలో నడిచే హక్కు కోసం సత్యాగ్రహం జరిగినది. వాడపల్లి సంఘటన జరిగిన సంవత్సరమే గురువాయూరులో ఆలయప్రవేశం కోసం జరిగినది. 1933, 34లలో గాంధీగారు హరిజనుల కోసం దేశమంతా తిరుగుతూ ఆంధ్రదేశానికీ వచ్చారు. మద్రాసు రాష్ట్రంలో దేవాలయ ప్రవేశ శాసనం 1947లో గాని పూర్తిగా రాలేదు. ఆ సత్యాగ్రహాలకు ఎదురునిలిచినవారిలో మావంటి పండితులే ఎక్కువ; శాస్త్రవాక్యాలు వెదకి ఇచ్చినవారూ మావారే. దొరకు ఎదురుగా చేసిన సత్యాగ్రహం కంటె ఇంటివారికి ఎదురుగా చేసినదే కష్టమని నాకు తోస్తుంది. దొర తుపాకి పేలిస్తే లోకం చూస్తుంది. గుడి తలుపు మూస్తే చప్పుడు కూడా కాదు.

రక్తం చిందినచోట ఆగమం సంప్రోక్షణ విధించినది. పుణ్యాహవాచనం చేసి, మంత్రజలం చల్లి, శాంతి జరపాలి. నేలకు సంప్రోక్షణ జరుగుతుంది. మరుపుకు ఏ సంప్రోక్షణ ఉన్నదో నాకు ఏ గ్రంథంలోనూ కనబడలేదు. అందుచేత ఒక చిన్న పని చెబుతాను. చేయగలిగినవారు చేయండి.

మాఘ శుద్ధ అష్టమినాడు భీష్మునికి తర్పణం ఇచ్చే ఆచారం మనకున్నది. భీష్మునికి సంతానం లేదు. తన వంశంవాడు కాకపోయినా ప్రతివాడూ ఆయనకు నీళ్ళు విడుస్తాడు. తండ్రి జీవించి ఉన్నవాడు కూడా ఇవ్వవచ్చునని పెద్దలు అంగీకరించారు. అంటే, తనవారు కానివారికి తర్పణమిచ్చే దారిని శాస్త్రం ఏనాడో తెరచి ఉంచినది. చైత్రమాసంలో వాడపల్లి తీర్థానికి వెళ్ళేవారు గౌతమిలో స్నానం చేసిన తరువాత, దర్శనానికి పోకముందు, ఆ నలుగురినీ తలచి దోసిలితో మూడుసార్లు నీరు విడవండి. గోత్రం తెలియదే అంటారు. తెలియనపుడు కాశ్యప గోత్రం చెప్పడం సంప్రదాయం. నువ్వులు అక్కరలేదు, దర్భ అక్కరలేదు.

ఇందాక వెనుక వరుసలోనుండి ఒక అమ్మగారు, స్త్రీలు విడవవచ్చునా అని చీటీ పంపారు. విడవవచ్చునమ్మా. జందెం లేనివారూ విడవవచ్చును. ఉదయం ఆరు గంటల లోపల వెళ్ళండి. తరువాత రేవులో అడుగు పెట్టడానికి చోటుండదు. మెట్లు పాచిపట్టి ఉంటాయి, పెద్దవారు ఎవరినైనా పట్టుకొని దిగండి.